బందరు రంగులూ, కంటికి కనబడని పనివాళ్ళూ

(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



బెసెంటు రోడ్డులో కానివ్వండి, వన్‌టౌన్‌లో వస్త్రలతలో కానివ్వండి, చీర బేరం చేసే ఆడవాళ్ళ నోట మొదట వచ్చే ప్రశ్న ధర గురించి కాదు. "రంగు పోదు కదా?" అన్నదే. షాపులో కుర్రాడు కూడా తడుముకోకుండా "చీర చిరిగినా రంగు పోదమ్మా" అంటాడు. మనం తృప్తిగా సంచీలో వేసుకుని వచ్చేస్తాం. అయితే ఆ మాటలో పెద్ద చిక్కొకటి వుంది. చీర మీంచి పోని రంగు కాలవలో పడ్డాక మాత్రం ఎలా పోతుంది? ఎండకీ, సబ్బుకీ, చెమటకీ లొంగకూడదని పట్టుబట్టి తయారుచేసిన సరుకు, నీళ్ళలో వుండే సూక్ష్మజీవులకు మాత్రం తేలిగ్గా లొంగుతుందా? ఇవాళ యీ సంగతే మాట్లాడుకుందాం. దీనికోసం ఎక్కడో సీమకు వెళ్ళనక్కర్లేదు. మన కాలవ వెంబడే, బెజవాడ నుంచి బందరు దాకా వెడితే చాలు.

బందరు, దాని పక్కనే వున్న పెడన, అద్దకానికి పేరుమోసిన వూళ్ళు. కలంకారీ అనగానే చాలామంది కాళహస్తి అంటారు. అక్కడిది కలంతో, అంటే వెదురు పుల్లకు గుడ్డ చుట్టి, చేత్తో రాసే పని. మన బందరుది ముఖ్యంగా చెక్క అచ్చులతో అద్దే పని. దుప్పట్లు, తెరలు, పక్క గుడ్డలు, మెలికలు తిరిగే తీగలు, పువ్వులు, సరు చెట్లు. పారశీక దేశం వాళ్ళకి ఇష్టమైన డిజైన్లవి. గోల్కొండ సుల్తానుల ఏలుబడిలో బందరు రేవునుంచి ఓడలకొద్దీ యీ గుడ్డలు అటు వెళ్ళేవి. 1605-06లో డచ్చివాళ్ళు బందరులో దిగారు, 1611లో ఇంగ్లీషువాళ్ళు. వాళ్ళు ఇక్కడికి పరుగెత్తుకొచ్చిన కారణాల్లో మన రంగులు ఒకటి. గుడ్డ ఎక్కడైనా నేస్తారు. ఉతికినకొద్దీ మెరుగుతేలే ఎరుపు మాత్రం వాళ్ళకి ఎక్కడా దొరకలేదు.

ఆ ఎరుపు చిరివేరుది. ఇసక నేలల్లో నేలబారుగా పెరిగే చిన్న మొక్క, సన్నగా పొడుగ్గా దిగిన వేళ్ళు. ఆ వేళ్ళ పైపొరలో వుంటుంది రంగు. బందరులో కుంపిణీ వ్యాపారం చూసిన విలియం మెథ్వోల్డ్ అనే ఇంగ్లీషాయన రాసిన వృత్తాంతం 1626లో అచ్చయింది. పెటపోలి, అంటే ఇప్పటి నిజాంపట్నం ప్రాంతంలో దొరికే చిరివేరు గురించీ, దాని రంగు వెలిసిపోని గుణం గురించీ ఆయన ప్రత్యేకంగా చెప్పాడు. తరవాత డేనియల్ హావర్ట్ అనే డచ్చాయన 1693లో అచ్చువేసిన పుస్తకంలో, యీ రంగులు వేసేవాళ్ళ పని ఎంత నెమ్మదిగా సాగుతుందో వర్ణించాడు. సామర్లకోటలో ఏళ్ళ తరబడి వున్న డాక్టరు విలియం రాక్స్‌బర్గ్ 1795లో తెచ్చిన కోరమాండల్ మొక్కల పుస్తకంలో చిరివేరుకి బొమ్మ వేయించి, మన తెలుగు పనివాళ్ళు దాంతో రంగు ఎలా వేస్తారో ఓపిగ్గా రాశాడు. పరాయివాళ్ళకి అంత ఆసక్తి. మనవాళ్ళు రాసుకోలేదు, చేతులతో పిల్లలకి నేర్పి వూరుకున్నారు.

ఆ గుడ్డలు ఐరోపాలో ఎంత విరగబడి అమ్ముడయ్యాయంటే, అక్కడి నేతగాళ్ళు గోలపెట్టారు. 1686లో ఫ్రాన్సు వాటిని నిషేధించింది. ఇంగ్లండు 1700లో ఒక చట్టం, 1721లో ఇంకా గట్టి చట్టం చేసింది. దొరసానులు మాత్రం దొంగచాటుగా కట్టుకుంటూనే వున్నారట. ఆడవాళ్ళ కోరికను చట్టం ఆపగలదా!

ఇక అద్దకం ఎలా చేస్తారో కాస్త నిదానంగా చెబుతాను. ఎందుకంటే మన కథకి అసలు పాత్రలు అక్కడే దాక్కుని వున్నారు. మామూలు తెల్లగుడ్డను ముందు పేడ నీళ్ళలో నానేసి, ఉతికి, ఎండలో పరిచి, మళ్ళీ తడిపి, మళ్ళీ ఎండేసి తెల్లబరుస్తారు. తరవాత కరక్కాయ పొడి కలిపిన పాలలోగానీ నీళ్ళలోగానీ ముంచితే గుడ్డ లేత పసుపు తిరుగుతుంది. నల్ల గీతలకోసం ఒక నీరు తయారుచేస్తారు. తుప్పుపట్టిన ఇనప ముక్కలు, బెల్లం, తాటిబెల్లం, నీళ్ళు కుండలో పోసి మూతపెట్టి, రెండు మూడు వారాలు కదపకుండా వుంచుతారు. దీన్నే పనివాళ్ళు కసీం అంటారు. ఆ నీటిలో అచ్చు ముంచి కరక్కాయ పట్టించిన గుడ్డమీద అద్దగానే నలుపు తేలుతుంది. ఇందులో మాయ ఏమీ లేదు. అరటికాయ తరిగిన ఇనప కత్తిపీట నల్లబడడం మనం రోజూ చూసేదే. కాయలో వగరు, కత్తిలో ఇనుము కలిస్తే నలుపు. కసీంలోనూ అంతే.

అయితే బెల్లం ఎందుకు? కుండలో వున్నది పులవడానికి. పులిసేది దానంతటది కాదు. గాల్లోనుంచీ, బెల్లంలోనుంచీ వచ్చి చేరిన సూక్ష్మజీవులు బెల్లాన్ని తిని పులుపు పుట్టిస్తాయి. ఆ పులుపు ఇనుమును కరిగిస్తుంది. కరిగిన ఇనుమే గుడ్డ పోగుల్లోకి దూరగలదు. మన తరవాణి కుండ ఎలాంటిదో ఇదీ అలాంటిదే. పూర్వం కోస్తా జిల్లాల్లో ఏ ఇంటికి వెళ్ళినా వంటింటి మూల తరవాణి కుండ వుండేది. గంజీ, అన్నం కడిగిన నీళ్ళూ పోస్తూ, పాతదాంతోనే కొత్తదాన్ని పులియబెడుతూ, కుండను ఖాళీ చెయ్యకుండా నడిపేవారు. పెరుక్కి తోడు, ఇడ్లీ పిండికి పులుపు, ఇవన్నీ ఆ కంటికి కనబడని పనివాళ్ళ చలవే. వాటికి బాక్టీరియా అనీ, ఈస్టు అనీ పేర్లు తరవాతెప్పుడో వచ్చాయి.

నల్లరంగులో క్రిముల పాత్ర ఇంత. నీలిరంగులో వాటి పాత్ర ఇంకా విచిత్రం.

నీలిమందు నీళ్ళలో కరగదు. ముద్ద ముద్దగానే వుంటుంది. కరగనిది పోగులోకి ఎలా ఎక్కుతుంది? దానికోసం మన దక్షిణాది రంగులవాళ్ళు పెద్ద బానలో నీలిమందు, సున్నం, చవిటి మన్ను వేసి, ఉడకబెట్టిన తగిరిస గింజలు కలిపి పులియబెట్టేవారు. కొన్నాళ్ళకి బానలో నీలం పోయి పసుపూ ఆకుపచ్చా కలిసిన రంగు వస్తుంది. అందులో గుడ్డ ముంచి పైకి తీస్తే, గాలి తగిలీ తగలగానే కళ్ళముందే పచ్చనిది నీలంగా మారుతుంది. చూసినవాళ్ళకి గారడీలా వుంటుంది. జరిగేది ఏమంటే, బాన అడుగున గాలి ఆడదు. ప్రాణవాయువు లేనిచోట బతికే బాక్టీరియా అక్కడ తగిరిస గింజల పిండిని తింటూ వుంటాయి. మనం తిన్న తిండి వంటబట్టాలంటే ఊపిరి కావాలి కదా, వాటికీ అలాంటి ఏర్పాటు ఏదో కావాలి. ఊపిరికి బదులు అవి నీలిమందును పట్టుకుంటాయి. తిండిలోంచి వచ్చిన ఎలక్ట్రాన్లను దానిమీదికి తోస్తాయి. దాంతో నీలిమందు రంగు పోగొట్టుకుని నీళ్ళలో కరిగిపోతుంది. పైకి తీశాక గాలి తగిలి మళ్ళీ మొదటి రూపానికొస్తుంది, పోగులో చిక్కుకుని వుండిపోతుంది. ఐరోపాలో ఇలాగే వోడ్ అనే ఆకుతో నీలిబానలు నడిపేవారు. అలాంటి బానలోంచి ఒక కొత్త బాక్టీరియాను వేరుచేసి 1999లో దానికి క్లాస్ట్రీడియం ఐసాటిడిస్ అని పేరు పెట్టారు. వెయ్యేళ్ళుగా జీతం భత్యం లేకుండా పనిచేసినవాడికి పేరు పెట్టడానికి అంతకాలం పట్టింది.

సూక్ష్మజీవి రంగును విరవగలదన్న మాట దగ్గర కాస్త ఆగండి. మన కథంతా దీనిమీదే తిరుగుతుంది.

ఎరుపు సంగతి ఒక్కముక్కలో చెప్పి ముందుకెడతాను. ఎర్రగా రావలసిన చోట పటిక నీళ్ళు తుమ్మజిగురుతో చిక్కబరిచి అచ్చువేస్తారు. ఆరాక పారే నీళ్ళలో జాడిస్తారు. నిలవ నీళ్ళు పనికిరావు. వదిలిన పటిక పక్క పువ్వుకి అంటి పాడుచేస్తుంది. అందుకే అద్దకం పనివాళ్ళకి పారే నీళ్ళు ప్రాణం. ఆ తరవాత చిరివేరు వేసిన నీళ్ళలో ఉడకబెడితే పటిక వున్నచోట మాత్రమే ఎరుపు పడుతుంది. మళ్ళీ కాలవలో ఉతుకు, మళ్ళీ ఇసకలో ఆరబెట్టు.

అంటే ఆ రోజుల్లో నీళ్ళు పాడవలేదా అంటే, పాడయ్యాయి. పేడనీళ్ళు, కరక్కాయ కషాయం, ఇనప నీళ్ళు, పటిక, అన్నీ నీళ్ళలోనే కలిశాయి. పాతవన్నీ పవిత్రం, కొత్తవన్నీ విషం అని రెండు గంపల్లో వేసి మాట్లాడేవాళ్ళతో నాకు పేచీ. కాకపోతే ఆకులో వేరులో పుట్టిన రంగులు మట్టిలో క్రిములకు ఏనాటినుంచో పరిచయమున్న తిండి. అప్పుడు తయారయ్యే సరుకూ తక్కువే. ఎక్కువ ఒకచోట చేరకముందే ఏరు దాన్ని జీర్ణం చేసుకునేది.

అసలు మార్పు 1856లో లండన్‌లో వచ్చింది. విలియం పెర్కిన్ అనే పద్దెనిమిదేళ్ళ కుర్రాడు మలేరియాకి క్వినైను తయారుచేద్దామని తారులోంచి తీసిన పదార్థంతో కుస్తీ పడుతూంటే, సీసా అడుగున నల్లని మడ్డి తేలింది. దాన్ని కడగబోతే చక్కని ఊదారంగు వచ్చింది. అదే మొదటి కృత్రిమపు రంగుల్లో పేరుకెక్కినది. 1858లో పీటర్ గ్రీస్ అనే రసాయన శాస్త్రవేత్త ఇంకో మార్గం కనిపెట్టాడు. దానిలోంచే అజో రంగులు పుట్టుకొచ్చాయి. ఎరుపు, నారింజ, పసుపు, నలుపు, ఏది కావాలంటే అది. ఇవాళ ప్రపంచంలో వాడే బట్టల రంగుల్లో సగానికి పైగా ఆ కుటుంబానివే. 1868లో గ్రేబె, లీబర్మన్ అనే జర్మనులు అలిజరిన్‌ను కృత్రిమంగా చేశారు. చిరివేరులో ఎరుపునిచ్చే సరుకు అలిజరినే. వేళ్ళు తవ్వి, ఎండబెట్టి, దంచే పని లేకుండా అదే రంగు డబ్బాలో దొరకడం మొదలైంది. 1897లో జర్మనీలో బిఎఎస్ఎఫ్ కంపెనీ కృత్రిమ నీలిమందును బజారుకి తెచ్చింది.

మన తీరం అప్పటికే దెబ్బతిని వుంది. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన బందరును ముంచేసింది. దాదాపు ముప్ఫైవేల మంది పోయారని లెక్క. రేవు వ్యాపారం క్రమంగా చేజారింది. ఆ పైన డబ్బా రంగులు. 1896లో మద్రాసు ప్రెసిడెన్సీ రంగుల మీద ఎడ్విన్ హోల్డర్ పుస్తకం రాసేనాటికి చిరివేరు తవ్వే పని సన్నగిల్లిపోతూ వుంది. 1917లో హడావే అనే ఆయన అద్దకాల మీద ఇంకో పెద్ద పుస్తకం తెచ్చాడు. స్వాతంత్ర్యం వచ్చాక కమలాదేవి చట్టోపాధ్యాయ వంటివారి పూనికతో చేతిపనుల బోర్డు దన్నుగా నిలిచి, యీ అద్దకం మళ్ళీ ప్రాణం పోసుకుంది. ఇవాళ పెడనలో చాలాచోట్ల ఎరుపుకి వాడేది చిరివేరు కాదు, అలిజరినే. పటిక, కరక్కాయ, జాజాకు, కసీం మాత్రం పాతవే. స్క్రీను అద్దకాలు, రసాయనపు రంగులూ కూడా వచ్చి, చెక్క అచ్చు పనివాళ్ళ పొట్ట కొడుతున్నాయి. చూడ్డానికి కలంకారీలాగే వుంటుంది, ధర సగం. మన బేరం ఎటు మొగ్గుతుందో నేను చెప్పనక్కర్లేదు.

కొత్త రంగుల్లో రెండింటి గురించి చెప్పాలి. ఒకటి కాంగో ఎరుపు, 1884 ప్రాంతంలో వచ్చింది. పటిక అక్కర్లేకుండా నేరుగా నూలుకి పట్టేస్తుంది. రంగులవాళ్ళకి పెద్ద వెసులుబాటు. కాని దాని ఒంట్లో బెంజిడీన్ అనే పదార్థం వుంది. 1895లో లుడ్విగ్ రేన్ అనే జర్మన్ సర్జను, రంగుల ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళకి మూత్రాశయంలో గడ్డలు రావడం గమనించి బయటపెట్టాడు. తరవాతి పరిశోధనల్లో ఇలాంటి రోగానికి కారణమని తేలిన పదార్థాల్లో బెంజిడీన్ ఒకటి. జర్మనీ 1994లో కొన్ని అజో రంగుల్ని నిషేధిస్తూ చట్టం చేసింది. మన దేశం 1997లో చేసింది. ఎగుమతి సరుకు వెనక్కి తిరిగొస్తుందన్న భయం దానికి చాలా తోడ్పడిందని నా వుద్దేశం. ఏ భయంతో చేసినా మంచి పనే.

రెండోది 1956లో ఇంగ్లండునుంచి వచ్చిన రియాక్టివ్ రంగులు. ఇవి నూలు పోగుతోనే రసాయన బంధం పెట్టుకుంటాయి. ఉతికితే పోకపోవడానికి కారణం అదే. కాని తొట్టిలో పోసిన రంగంతా పోగును పట్టుకోదు. రంగునిబట్టి, పనివాడి నేర్పునుబట్టి పదిపాళ్ళలో ఒక పాలునుంచి మూడు నాలుగు పాళ్ళ దాకా నీళ్ళలోనే మిగిలిపోతుంది. పైగా రంగు పట్టడానికి బోలెడు ఉప్పు వెయ్యాలి. ఆ ఉప్పూ, ఆ రంగూ, వాటితోపాటు సోడా, అన్నీ కాలవలోకే. చెంచాడు రంగు బిందెల కొద్దీ నీళ్ళను ఎర్రగా చెయ్యగలదని పండగకి బట్టలు ఉతికే ప్రతి ఇల్లాలికీ తెలుసు. నీరు రంగు తిరిగితే ఎండ లోపలికి దిగదు. అడుగున నాచు బతకదు, నాచు లేకపోతే చేపకి తిండీ లేదు, ఊపిరీ లేదు.

మరి క్రిములకి చెయ్యేసే అవకాశం ఎక్కడ? దీనికి మందుల చరిత్రలోంచి ఒక ముచ్చట చెబుతాను. 1930 ప్రాంతాల్లో జర్మనీలో గెర్హార్డ్ డోమాక్ అనే డాక్టరు ప్రోంటోసిల్ అనే ఎర్రటి అజో రంగును జబ్బుచేసిన ఎలకలకి ఇచ్చి చూస్తే అవి బతికాయి. అదే రంగును గాజు గొట్టంలో వున్న క్రిములమీద పోస్తే ఏమీ కాలేదు. పొట్టలోకి వెళితేనే పనిచేస్తోంది, బయట చెయ్యడంలేదు. ఇదేమి వింత అనుకున్నారు. 1935లో పారిస్‌లో పాస్చరు సంస్థవారు గుట్టు విప్పారు. ఒంట్లో ఆ రంగు రెండు ముక్కలుగా విరిగిపోతోంది, అందులో ఒక ముక్కే అసలు మందు. మన పెద్దవాళ్ళు మింగిన సల్ఫా మాత్రలు అలా పుట్టాయి. అజో రంగుని అలా విరవడంలో మన పేగుల్లో కాపురముండే బాక్టీరియా చెయ్యి చాలా వుందని తరవాత తేలింది.

అజో రంగు అంటే రెండు నత్రజని పరమాణువులు రెండు చేతులతోనూ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని వుండే నిర్మాణం. ఆ పట్టు వల్లే రంగు. పట్టు వదిలితే రంగు లేదు. గాలి ఆడని తొట్టిలో, తినడానికి కాస్త తిండి పెడితే, బాక్టీరియా నీలిబానలో చేసిన పనే ఇక్కడా చేస్తాయి. ఎలక్ట్రాన్లను ఆ పట్టు మీదికి తోసి విడగొడతాయి. ఇందుకు వాటి దగ్గర వున్న పనిముట్టుకి అజోరిడక్టేజు అని పేరు. 1982లో స్విట్జర్లండులో ఒక సూడోమోనాస్ జాతి బాక్టీరియానుంచి అలాంటి దాన్ని శుద్ధి చేసి చూపించారు. విశేషమేమంటే, ఇలాంటి క్రిముల్ని శాస్త్రజ్ఞులు వెతికేది ఎక్కువగా రంగుల మురుక్కాలవ అడుగు బురదలోనే. ఏళ్ళ తరబడి రంగునీళ్ళలో నానిన మట్టిలో, ఆ రంగుకి తట్టుకుని బతకడం నేర్చినవి వుంటాయి. వాటికి తిండి అంటే ఖరీదైనదేమీ కాదు. పిండి పదార్థం, బెల్లపు మడ్డి లాంటివి. నేత గుడ్డకి పెట్టిన గంజిని వదిలించిన నీళ్ళు కూడా వాటికి విందు భోజనమే.

నీలిబానకీ దీనికీ ఒక తేడా వుంది. అక్కడ గాలి తగలగానే రంగు తిరిగొస్తుంది. ఇక్కడ విరిగింది విరిగినట్టే, నీళ్ళు తేటబడతాయి. చూసినవాళ్ళు ఇంకేం, పని అయిపోయింది అనుకుంటారు. ప్రమాదమంతా ఆ తేటలోనే వుంది. విరిగిన ముక్కలు నీళ్ళలోనే వుంటాయి. వాటికి రంగు లేదు, వాసన మనకి తెలియదు. అవి అమీన్లనే జాతివి. అందులో కొన్ని నేను ఇందాక చెప్పిన బెంజిడీన్‌లాంటి దుర్మార్గులు. ఎర్రనీళ్ళయితే పశువుని కూడా దూరంగా అదిలిస్తాం. తేటనీళ్ళయితే బిందె ముంచుతాం. అందుచేత ఒక తొట్టి చాలదు, రెండు కావాలి. మొదటిది గాలి ఆడనిది, రంగు విరవడానికి. రెండోది గాలి బాగా కొట్టేది. అందులో ప్రాణవాయువు పీల్చే వేరే జాతి బాక్టీరియా ఆ ముక్కల్ని తిని, చాలావాటిని బొగ్గుపులుసు గాలిగానూ, తమ ఒంటిగానూ మార్చుకుంటాయి. ఈ రెండో తొట్టి పద్ధతి కొత్తదేమీ కాదు. 1914లో మాంచెస్టరులో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు మురికినీళ్ళలోకి గాలి కొట్టి, అడుగున చేరిన బురదను పారబొయ్యకుండా తరవాతి నీళ్ళకి తోడులాగా వాడి చూపించారు. తోడు అంటే అక్షరాలా మన పెరుగు తోడే. మన బందరు గుడ్డల అచ్చుల్ని చూసి మిల్లులు పెట్టుకున్న సీమలో, మిల్లుల పట్నమైన మాంచెస్టరులోనే ఇది పుట్టడం నాకు భలే అనిపిస్తుంది.

గాలి తొట్టి ఒక్కటే పెట్టి చేతులు దులుపుకుంటే ఏమవుతుందంటే, చాలా అజో రంగులు అందులోంచి చెక్కుచెదరకుండా బయటికి వచ్చేస్తాయి. ప్రాణవాయువు దొరికాక క్రిములకి రంగుతో పనేముంది? ఎదురుగా విస్తరి నిండా భోజనం వుండగా ఎవరు చెక్క నములుతారు! అదీగాక వేడి నీళ్ళు, ఎక్కువ సోడా, ఎక్కువ ఉప్పు అయితే రెండు రకాల క్రిములూ నీరసించిపోతాయి. అంచేత ముందు నీళ్ళను చల్లార్చాలి, పులుపూ చౌడూ సమం చెయ్యాలి. ఇదంతా కోడలు పురుడు పోసుకున్నప్పుడు చేసే పథ్యంలా రోజూ కనిపెట్టి చూసుకోవలసిన పని. తొట్టి కట్టి, రిబ్బను కత్తిరించి, ఫోటో దిగి వెళ్ళిపోతే ఆర్నెల్లలో అది కంపుకొట్టే గుంట అవుతుంది.

రంగునీళ్ళను పట్టించుకోకపోతే ఏమవుతుందో పక్క రాష్ట్రంలో చూశాం. తిరుప్పూరు బనియన్లు, టీషర్టులు ప్రపంచమంతా కట్టుకుంటుంది. అక్కడి రంగునీళ్ళు నొయ్యల్ ఏటిలో పడ్డాయి. ఆ ఏరు కావేరికి ఉపనది. కింద సాగునీటికోసం కట్టిన ఒరత్తుపాళెం జలాశయం ఉప్పుతో, రంగుతో నిండి, రైతులే మాకీ నీళ్ళు వద్దని మొత్తుకునే పరిస్థితి వచ్చింది. ఎంతోకాలం కోర్టుల చుట్టూ తిరిగాక, 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు రంగుల యూనిట్లను మూసెయ్యమంది. రైతులది న్యాయం. ఒక్కసారిగా పని పోయిన కూలి ఆడవాళ్ళ ఆకలీ అబద్ధం కాదు. ఆ తరవాత ఒక్క చుక్క బయటికి వదలకుండా నీళ్ళు శుద్ధిచేసి తిరిగి వాడుకునే ఏర్పాట్లతో యూనిట్లు తెరుచుకున్నాయి. వాటిలో క్రిముల తొట్లు ఒక మెట్టు మాత్రమే. తరవాత వడపోతలు, మరగబెట్టి ఉప్పు తియ్యడాలు వుంటాయి. ఉప్పును ఏ బాక్టీరియా తినదు మరి.

మన కృష్ణా డెల్టాకి వస్తే, ఇక్కడ కాలవ అంటే ఏమిటో చెప్పాలి. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది. 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. అక్కడ బయలుదేరిన బందరు కాలవ పొలాలు తడుపుతూ, వూళ్ళ చెరువులు నింపుతూ వెళుతుంది. ఎండాకాలం కాలవ కట్టేసేముందు ఆఖరి తడవ నీళ్ళతో చెరువులు నింపుకుని, వానలదాకా ఆ నీళ్ళే తాగుతారు చాలా వూళ్ళలో. శివారు పల్లెల్లో బావి తవ్వితే ఉప్పునీరు. అంచేత పైన వున్న మనం కాలవలో వేసింది కిందివాళ్ళ బిందెల్లోకి వెళుతుంది. బెజవాడ మురుగూ అంతే, పెడన రంగునీళ్ళూ అంతే. నిందంతా అద్దకం వాళ్ళ నెత్తిన వెయ్యడం అన్యాయం. నగరంలో మనం కాలవలోకి విసిరే చెత్త ముందు వాళ్ళ కసీం కుండ ఎంత?

పెడనలో పని చాలా భాగం ఇళ్ళలోనూ, చిన్న చిన్న పాకల్లోనూ జరుగుతుంది. మొగవాళ్ళు అచ్చు కొడితే ఆడవాళ్ళు ఉడకబెట్టడం, ఉతకడం, ఆరబెట్టడం చేస్తారు. మోకాలిలోతు నీళ్ళలో గంటలకొద్దీ నిలబడి గుడ్డ బండకి కొట్టేవాళ్ళకి ఆ నీళ్ళలో ఏం వుందన్నది పత్రికల్లో చదివే కాలుష్యం కాదు, కాళ్ళకి తగిలే సంగతి. ఒక్కొక్కరు రెండేసి తొట్లు కట్టుకోమంటే అయ్యే పని కాదు. పది పాతిక మంది నీళ్ళు ఒకచోటికి చేర్చి శుద్ధిచేసే ఏర్పాటు అయితేనే గిట్టుబాటు. అందులోనూ ఒక జాగ్రత్త వుంది. కసీం, కరక్కాయ నీళ్ళు వేరు, రియాక్టివ్ రంగుల నీళ్ళు వేరు. అలిజరిన్ అజో జాతిదే కాదు, దాని కట్టుబడి వేరు. అన్నిటికీ ఒకే క్రిమి, ఒకే తొట్టి అన్నవాణ్ణి నమ్మకూడదు. అన్ని రోగాలకీ ఒకే మాత్ర అమ్మేవాడిలాంటివాడే అతనూ.

ఇంకోటి, తొట్టి అడుగున మడ్డి మిగులుతుంది. క్రిములు చచ్చి, పీల్చుకున్న రంగుతోనూ, కొన్ని రంగుల్లో వుండే రాగి, క్రోమియం వంటి లోహాలతోనూ పేరుకునే బురద. లోహాన్ని సూక్ష్మజీవి విరవలేదు, ఒకచోటినుంచి ఇంకోచోటికి మార్చగలదు అంతే. ఆ మడ్డిని ఎండబెట్టి, వాన తగలని చోట, నేలలోకి దిగకుండా దాచాలి. పొలానికి ఎరువని తోలితే మళ్ళీ మొదటికొచ్చినట్టే.

మా పక్కింటి పిన్నిగారు ఇదంతా విని, "అయితే అమ్మాయీ, కొత్తచీర జాడించిన నీళ్ళలో కాస్త పుల్లమజ్జిగ పోస్తే సరిపోదూ?" అన్నారు. సరిపోదు పిన్నిగారూ. బకెట్టులో గాలి ఆడుతుంది, ఆ క్రిములూ వేరు, వాటికి గంటలు రోజులు వ్యవధి కావాలి. మనం ఇంట్లో చేయగలిగింది ఒకటుంది. మొదటి రెండు మూడు జాడింపుల రంగునీళ్ళు కాలవగట్టున పొయ్యకుండా, తాగేనీళ్ళ బోరుకి దూరంగా మురుగు పైపులోకి వదలడం. నగరంలో మురుగు శుద్ధిచేసే చోట ఆ రెండురకాల క్రిములూ ఎంతోకొంత పనిచేస్తూనే వుంటాయి. ఇక చీర కొనేటప్పుడు, రంగు పోదు కదా అన్న ప్రశ్నతోపాటు, ఇది అచ్చు అద్దకమా, స్క్రీనా, ఏ రంగులు వేశారు అని కూడా అడగండి. షాపు కుర్రాడికి తెలియకపోతే యజమానిని పిలుస్తాడు. యజమానికి తెలియకపోతే, ఈసారి పెడన వెళ్ళినప్పుడు అతనే అడిగి తెలుసుకుంటాడు.

నాకిచ్చిన వ్యవధి అయిపోయింది. సెలవు.